పొరపాటున వచ్చిన సొమ్ము

తిరుత్తణి కొండకు మెట్లెక్కే దారి మొదట్లో మహేష్, సుగంధి అనే భార్యాభర్తలకు చిన్న పూలంగడి ఉంది. మహేష్ తెల్లవారకముందే మండీకి పోయి పూలు తెస్తాడు, సుగంధి కూర్చుని కడుతుంది. వేళ్లు దారం మీద ఆడుతూ ఉంటే ఆమె కళ్లు మాత్రం వచ్చేపోయే భక్తుల మీదే ఉంటాయి. ఎవరికి నిండు మాల కావాలో, ఎవరికి మూరెడు మల్లెలు చాలో ముఖం చూసే చెప్పేస్తుంది. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం. ఏ భాషలో బేరం మొదలైనా ఆమె నవ్వుతూనే ముగిస్తుంది.

ఆమెకంటూ ఒక సొంత ఆస్తి ఉండేది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇనప్పెట్టె నిండా సినిమా పాటల పుస్తకాలు. వెనకటి రోజుల్లో సినిమా కొట్టాయి, అదే టెంటు హాలు బయట అమ్మేవారే, రంగు కాగితాల మీద అచ్చేసిన పల్చటి పుస్తకాలు, అవి. వాళ్ల నాయన వెంకటపతి తమిళ సినిమాకు పోయినా తెలుగు సినిమాకు పోయినా కూతురికి ఒక పుస్తకం తెచ్చేవాడు. బడిలో తమిళమే చదువుకున్న సుగంధి తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఆ పుస్తకాల్లోనే. పాట ముందే నోటికొచ్చి ఉండేది, దాని వెనకాలే అక్షరం వచ్చి చేరేది.

పోయిన వానల్లో ఇల్లు కురిసి పెట్టెలోకి చెమ్మ దిగింది. కొన్ని పుస్తకాలు అంటుకుపోయాయి. కాలేజీలో చదివే కూతురు మోనిషా అవి చూసి, "అమ్మా, ఇవి పోగు చేసేవాళ్లు శానామంది ఉండారు. ఆన్‌లైన్‌లో పెడితే మంచి రేటుకు కొంటారు. ఇక్కడుంటే చెదలకే" అన్నది. సుగంధి మనసు ఒప్పలేదు. కానీ ఎండాకాలంలో సాయంత్రానికే వాడిపోయే పూలు ఆమెకు రోజూ కళ్లముందు కనపడేవే. పాతదైనా ఒక ఫ్రిజ్ ఉంటే ఆ నష్టం ఉండదు కదా అనుకుని చివరికి సరేనన్నది. మోనిషా ఫోటోలు తీసి పెట్టింది.

బెంగళూరు నుంచి గోకుల్ అని ఒకతను ఫోన్ చేశాడు. మాట తేనె.

"అక్కా, మా నాయనకు ఈ పాటలంటే ప్రాణం. అన్నీ నాకే ఇచ్చేయండి. ఎనిమిది వేలన్నారు కదా, అంతే ఇస్తా. కొరియర్ మనిషిని ఇంటికే పంపిస్తా."

బేరమాడకుండా కొనే మనిషి పూలంగడికొస్తే సుగంధి ఒకటికి రెండుసార్లు ఎగాదిగా చూసేది. ఫోన్లో అక్క అన్న పిలుపు ఆ చూపుకు అడ్డం పడింది.

కాసేపటికి అంగట్లో స్కానర్ పక్కనున్న సౌండ్ బాక్సు పలికింది. ఎనిమిది వేలు కాదు, ఎనభై వేలు! భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉండగానే ఫోన్ మోగింది. ఎత్తేలోపల ఆగిపోయి, వాయిస్ మెసేజీ వచ్చింది. గోకుల్ గొంతు ఏడుపుతో పూడుకుపోయి ఉంది.

"అక్కా, కొంప మునిగింది. ఒక సున్న ఎక్కువ కొట్టేసినా. అది మా నాయనకు ఆస్పత్రిలో కట్టాల్సిన దుడ్డు. నా అకౌంటుకు ఈ దినం ఇంక పడదంట. మా బావ నంబరు పంపినా, దానికి వేసేయక్కా. మీ కాళ్లు పట్టుకుంటా."

"వెంటనే పంపించేయ్" అన్నాడు మహేష్. "ఒకరి సొమ్ము మన దగ్గర గడియసేపు కూడా ఉండకూడదు."

సుగంధి తన ఎనిమిది వేలు ఉంచుకుని మిగతాదంతా ఆ నంబరుకు పంపించేసింది. ఒక ఆస్పత్రి మంచం మీది మనిషికి సాయపడ్డామన్న తృప్తితో ఆ రోజు ఇద్దరూ కడుపునిండా అన్నం తిన్నారు.

మహేష్ అన్న మాటలో తప్పేమైనా ఉందా? లేదు. సుగంధి చేసిన పనిలో దురాశ ఉందా? అదీ లేదు. కానీ పాము పుట్టలోనే కాదు, పూలబుట్టలో కూడా చుట్ట చుట్టుకుని ఉంటుంది.

కొరియర్ మనిషి రాలేదు. ఫోన్ చేస్తే నంబరు పనిచేయడం లేదని వచ్చింది. ఆస్పత్రి గొడవలో ఉంటాడులే అనుకుని సుగంధి పుస్తకాల మూటను అలాగే కట్టి ఉంచింది.

కొండ మీది స్వామి పండుగ ఆడికృత్తిక వచ్చింది. ఆ పండుగకు తిరుత్తణిలో ఇసుక వేస్తే రాలదు. పసుపు బట్టలు కట్టుకుని, పూల కావళ్లు భుజానికెత్తుకుని జనం ఏరులా వస్తారు. మహేష్ పండుగ కాగానే దుడ్డు ఇస్తానని మండీలో మాట చెప్పి బుట్టలకు బుట్టలు చామంతి, సంపంగి దింపాడు. ఏడాదంతా అంగడిని నిలబెట్టేది ఆ నాలుగు దినాల వ్యాపారమే.

పొద్దున్నే ఒక భక్తుడు మాల తీసుకుని స్కాన్ చేశాడు. పడలేదు. మళ్లీ చేశాడు, పడలేదు. "ఏమ్మా, మీ అకౌంటులో ఏదో కంప్లైంట్ ఉన్నట్టుంది" అని మాల కింద పెట్టి పక్కంగడికి పోయాడు. అతని వెనక వచ్చినవాళ్లకూ అంతే. చేతిలో నోట్లు ఉంచుకునేవాళ్లు ఈ రోజుల్లో ఎంతమంది? సౌండ్ బాక్సు నోరు మూసుకుని కూర్చుంది. సుగంధి ఫోన్ తెరిచి చూస్తే అకౌంటు నిలిపివేశారని ఒక్క ముక్క. ఎందుకో లేదు, ఎన్నాళ్లో లేదు. ఇంటికీ అంగడికీ ఉన్నది ఆ ఒక్క అకౌంటే. పండుగ కోసం కూడబెట్టింది కూడా అందులోనే చిక్కుకుంది.

మహేష్ బ్యాంకుకు పరుగెత్తాడు. అక్కడి ఆఫీసరు కంప్యూటరు చూసి, "ఏదో మోసం కేసులో దుడ్డు మీ అకౌంటుకు వచ్చిందంట. బీగం వేయమన్నది పోలీసులు. తాళంచెవి మా దగ్గర లేదు. తిరువళ్లూరులో సైబర్ క్రైమ్ ఆఫీసుకు పోయి కనుక్కోండి" అన్నాడు. యాప్ వాళ్లకు ఫోన్ చేస్తే యంత్రం మాట్లాడింది. ఒకటి నొక్కమంది, రెండు నొక్కమంది. ఎన్ని నొక్కినా మనిషి గొంతు మాత్రం వినపడలేదు.

సుగంధి పక్కంగడి ఆరుముగం దగ్గరికి పోయింది.

"అన్నా, ఈ పండగ అయ్యేదాకా మీ స్కానర్ మా అంగట్లో కూడా పెట్టుకుంటాం. సాయంత్రం లెక్క చూసి మాది మాకిస్తే చాలు."

ఆరుముగం చూపు తిప్పుకున్నాడు. "తప్పుగా అనుకోవద్దమ్మా. పోలీసు కేసంటా ఉండారు. మీ దుడ్డు నాకొస్తే నా అకౌంటు కూడా పట్టుకుంటారేమో. పిల్లలున్నోణ్ణి."

అతనిది కక్ష కాదు, భయం. అయినా ఆ మాట మధ్యాహ్నానికి వీధంతా తిరిగి వేరే రూపు కట్టింది. 'సుగంధి ఫోన్లో ఎవరినో ముంచిందంట.' రోజూ పలకరించే ఆడవాళ్లు తలలు వంచుకుని పోసాగారు. అట్టముక్క మీద 'నోట్లు మాత్రమే' అని రాసి కట్టిన మహేష్, అది చూసి జనం దాటిపోతుంటే ఓర్చుకోలేకపోయాడు.

"ఆ చిత్తు కాగితాలు అమ్మమని నిన్నెవరు అడిగినారు?"

"వెంటనే పంపించేయమన్నది ఎవరు మామా?"

ముందర జనసముద్రం, 'వేల్ వేల్' అని కేకలు, మేళాలు. ఆ సందడి మధ్యలో బుట్టల కొద్దీ పూలు పెట్టుకుని వాళ్లిద్దరూ బోనులో ఉన్నట్టు కూర్చున్నారు. సాయంత్రానికి చామంతులు రెక్కలు ముడిచాయి. సంపంగి నల్లబడింది. తప్పు చేసినవాడికి దాక్కునే చోటైనా దొరుకుతుంది, ఏ తప్పూ ఎరగని తనకు తల దాచుకునే చోటు కూడా లేదే అని సుగంధి కుమిలిపోయింది.

పండుగ ముగిసిన మరునాడు ఆమె రైలెక్కి తిరువళ్లూరు పోయింది. మహేష్ వస్తానన్నాడు గానీ, మండీవాళ్లకు ముఖం చూపించి గడువు అడగడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా.

ఇన్‌స్పెక్టర్ చందన కాగితాలు తిరగేసి తమిళంలో అడిగింది. "ఎనభై వేలు నీకొచ్చింది. అందులో డెబ్బైరెండు వేలు వెంటనే వేరేవాళ్లకు పోయింది. ఎవరు వాళ్లు?"

"తెలీదు మేడమ్. పొరపాటున వచ్చిందంటే తిరిగి పంపించినా."

"పంపినవాళ్లకు కాకుండా ఇంకొకళ్లకు పంపితే అది తిరిగి పంపడం ఎట్లా అవుతుందమ్మా? దొంగసొమ్ము చేతులు మార్చేవాళ్లు కూడా నీ మాటే చెబుతారు."

అప్పుడు తన కేసు ఏమైందో కనుక్కోవడానికి వచ్చి గోడవారగా కూర్చున్న ఒక పెద్దామె లేచింది. ఆఫీసంతా తమిళం మాట్లాడుతున్న ఆ చోట ఆమె తిట్లు తెలుగులో వచ్చాయి.

"నువ్వేనా అది? నా ఆవులమ్మిన దుడ్డు మింగినదానివి నువ్వేనా? నా ఉసురు నీకు తగలకుండా యాడికి పోతాది!"

ఆమె పేరు అలిమేలమ్మ. దగ్గర్లోని పాండూరు. ఒంటరి మనిషి. మేపే ఓపిక లేక ఆవులను అమ్ముకుని ఆ దుడ్డు బ్యాంకులో వేసుకుంది. కరెంటు బిల్లు కట్టలేదు, ఫ్యూజు పీకేస్తామని ఎవడో ఫోన్ చేసి, చెప్పిన చోటల్లా నొక్కించి మొత్తం లాగేశాడు. సుగంధికి వచ్చిన ఎనభై వేలు అదే! ఆస్పత్రి లేదు, మంచాన పడిన నాయన లేడు.

తన తల్లిభాషలో వచ్చిన ఆ శాపం సుగంధి గుండెలో సూదిలా దిగింది. తన సొమ్ము ఇరుక్కుపోయిందని ఇన్నాళ్లు ఏడ్చింది. అందులో ఇంకొకరి ఏడుపు కూడా ఉందని ఇప్పుడే తెలిసింది. ఆమె ఫోన్ తీసి గోకుల్ పంపిన వాయిస్ మెసేజీ పెట్టింది.

"అక్కా, కొంప మునిగింది..."

అలిమేలమ్మ తిట్టడం ఆపేసింది. ఫోన్ దగ్గరికి చెవి పెట్టింది. "ఇంకోతూరి పెట్టు" అన్నది. మళ్లీ విని గట్టిగా అరిచింది. "వీడే! వీడే మేడమ్! నన్ను పెద్దమ్మా పెద్దమ్మా అన్నోడు వీడే. గొంతు చూడు, తేనె పూసినట్టు ఎట్లుందో!"

ఇన్‌స్పెక్టర్ ఆ మెసేజీలన్నీ మొదటి నుంచి చూసింది. ఆమె ముఖంలో కాఠిన్యం సడలింది.

"మేడమ్, నా అకౌంటులో నిలిచిన ఎనిమిది వేలు ఈ పెద్దమ్మవే" అన్నది సుగంధి. "నేను పుస్తకాలు ఇవ్వలేదు, వెల తీసుకునే హక్కు నాకు లేదు. యాడ సంతకం పెట్టమంటే ఆడ పెడతా. పోయిన మిగతాది తెచ్చివ్వడానికి మాత్రం నాకు శక్తి లేదు పెద్దమ్మా, మన్నించు."

"నువ్వూ నా మాదిరే బిడ్డా" అన్నది అలిమేలమ్మ. "నన్ను భయపెట్టి దోచినాడు. నిన్ను మంచిదానివని దోచినాడు." తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి, "ఈమె మీద నాకేం కోపం లేదని రాసుకో మేడమ్" అన్నది.

అంతటితో కష్టం తీరిపోలేదు. బీగం పడడానికి ఒక్క నిమిషం చాలింది, తీయడానికి ఉత్తరాలు, సంతకాలు, కోర్టు అనుమతి కావలసి వచ్చాయి. వారాల తరబడి సుగంధి తిరువళ్లూరు రైలెక్కుతూ దిగుతూనే ఉంది. చివరికి అకౌంటు తెరుచుకుంది. ఎనిమిది వేలు అలిమేలమ్మకు చేరాయి. మిగతాది ఇంకా రాలేదు. గోకుల్ అన్నవాడు ఎవడో, వాడి అసలు పేరేమిటో తేలలేదు. మండీ బాకీ తీర్చడానికి మహేష్ మెడలోని గొలుసు కుదవకు పోయింది. ఫ్రిజ్ మాట ఇంట్లో ఎవరూ మళ్లీ ఎత్తలేదు.

అయితే ఒక మంచి పని జరిగింది. ఇన్‌స్పెక్టర్ చందన తిరుత్తణిలో ఒక కల్యాణమండపంలో అంగళ్లవాళ్లందరినీ కూర్చోబెట్టి, సుగంధినే మాట్లాడమన్నది. పాండూరు నుంచి అలిమేలమ్మ కూడా బస్సెక్కి వచ్చి ముందు వరసలో కూర్చుంది. సుగంధి జరిగింది జరిగినట్టు చెప్పింది. దాచలేదు, ఏడవలేదు.

"నా అకౌంటుకు బీగం పడిన దినం మీలో ఎవరూ నన్ను ఏం జరిగిందని అడగలేదు. మీకూ భయమే, నాకు తెలుసు. కానీ రేపు మీలో ఎవరికైనా ఇట్లా అయితే వాళ్లను దొంగని చెయ్యొద్దండి, పక్కన నిలబడండి. వ్యాపారానికి ఒక అకౌంటు, ఇంటికి ఒక అకౌంటు పెట్టుకోండి. బీగాలు వేసే పెద్దలను కూడా నేను ఒక్కటే అడుగుతున్నా. తలుపు మూసేటప్పుడు, ఎందుకు మూసినారో చెప్పేదానికి ఒక మనిషిని బయట నిలబెట్టండి."

ఆరుముగం నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. తల ఎత్తి ఆమెను చూడడానికి అతనికి కష్టంగానే ఉంది.

"అమ్మా సుగంధీ, ఒక మాట. ఒకరి సొమ్ము వాళ్లకు ఇచ్చేయాలనుకున్నందుకే కదా నీకింత అయింది? అయితే ఈ కాలంలో నీతిగా ఉండకూడదంటావా?"

"ఉండాల అన్నా, తప్పకుండా ఉండాల" అన్నది సుగంధి. "కానీ మన నీతికి కళ్లు కూడా ఉండాల. పొరపాటున వచ్చిందని ఎవరు ఏడ్చినా, వాళ్లు చెప్పిన నంబరుకు పంపొద్దండి. నేరుగా బ్యాంకుకు పోయి చెప్పండి. పరాయి సొమ్ము తిరిగి పోవాల్సిందే, అయితే అది వచ్చిన దారినే పోవాల."