ఖాళీగా ఉంచమన్న పేరు

"పేరు రాసే డబ్బా మాత్రం ఖాళీగా ఉంచండమ్మా. ఎవరికన్నది సాయంత్రం చెప్తాను," అని మేనేజరు చీటీ ఒకటి బల్ల మీద పెట్టి వెళ్లాడు.

ఆ ఆఫీసులో ఎవరు మానేసినా వీడ్కోలు పత్రం తయారుచేసేది ఆమే. పదిహేడేళ్లుగా అంతే. కంప్యూటర్లో కాగితం మీద టెక్స్ట్ బాక్సులు గీసి, అంచులు పట్టి లాగి, అక్షరాలను వాటిలో కుదురుగా కూర్చోబెట్టడం అక్కడ ఇంకెవరికీ రాదు. నేర్చుకుందామన్న సరదా కూడా ఎవరికీ పుట్టలేదు. డబ్బాలమ్మ అని పేరు పెట్టి చేతులు దులుపుకున్నారు. ఆమె ఎప్పుడూ పాత ఫైలే తెరిచి, వెళ్లిపోయిన మనిషి పేరు చెరిపి, వెళ్లబోయే మనిషి పేరు కొడుతుంది. చెరిపినప్పుడల్లా గుండె కలుక్కుమంటుంది. మొన్నటిదాకా పక్కన కూర్చుని కబుర్లు చెప్పిన మనిషి ఒక్క మీట నొక్కితే లేకుండా పోవడమేమిటి!

చీటీ చూసి కొట్టడం మొదలుపెట్టింది. 'మంచాన పడిన అత్తగారి సేవకై స్వచ్ఛందంగా, సంతోషంగా ఉద్యోగాన్ని త్యాగం చేస్తున్న సోదరికి...' పాపం, ఎవరో పిచ్చితల్లి అనుకుంది. వాక్యం పొడుగై చివరి మాట డబ్బా కిందికి జారి కనబడకుండా పోతే, అంచు కాస్త కిందికి లాగింది. ఇంతకీ ఎవరబ్బా? రిసెప్షన్‌లో అమ్మాయికి పెళ్లే కాలేదు. స్టోర్సు ఆవిడ అత్తగారు పోయి మూడేళ్లయింది. ఇక ఈ ఆఫీసులో ఆడవాళ్లెవరున్నారు?

మౌస్ మీద చెయ్యి ఆగిపోయింది.

బాత్రూంలో జారి పడి తుంటి విరిగి రెండు నెలలుగా మంచం మీద ఉన్నది తన అత్తగారే. భర్త రిటైరై ఆర్నెల్లుగా ఇంట్లోనే ఉన్నాడు. అయినా తల్లి పక్కబట్టలు తడిస్తే, సాయంత్రం ఈమె చెప్పులు విడిచేదాకా అవి అలాగే ఉంటాయి. "ఆడవాళ్ల పనే అది. నా చేతికి రాదు," అంటాడు. "అయినా నీదేం ఉద్యోగం, డబ్బాలు గీయడమేగా!" అంటాడు. అలాంటివాడు ఇవాళ పొద్దున మాత్రం గుమ్మం దాకా వచ్చి, "ఎందుకే ఆ ఉరుకులు? నాలుగు రోజుల్లో నీకీ కష్టాలన్నీ తీరిపోతాయిలే," అన్నాడు. ఎవరినైనా పనికి పెడుతున్నాడు కాబోలని పొంగిపోయి, బస్సులో దారి పొడుగునా తనలో తనే నవ్వుకుంది కూడాను.

లేచి మేనేజరు గదిలోకి వెళ్లింది. "ఆ పత్రం నాకేనా సార్?"

"కనిపెట్టేశారే! నిన్న మీవారొచ్చారమ్మా. ముందే చెప్తే ఏడుస్తుంది, సంతకం వేళకి చెప్పండన్నారు. వాళ్లమ్మ సంగతి చెప్తూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఎంత మంచి మనిషండీ! రాజీనామా కూడా నేనే టైపు చేయించాను, మీకు శ్రమెందుకని. సంతకం పెట్టేయండి. వెళ్లేలోపు ఆ డబ్బాల విద్య ఎవరికైనా నేర్పండేం."

ఆమె ఆ కాగితం తీసుకుని సీటుకి వచ్చింది. ఫైల్లో 'అత్తగారి' చెరిపి 'కన్నతల్లి' అని కొట్టింది. 'ఉద్యోగాన్ని' చెరిపి 'విశ్రాంతిని' అని పెట్టింది. 'సోదరికి' చెరిపి 'సోదరునికి' అని మార్చింది. ఖాళీ డబ్బాలో భర్త పేరు కొట్టింది. ఇంటిపేరుతో సహా అది పట్టలేదు. మూల పట్టుకుని, పట్టేదాకా లాగింది. ప్రింటు తీసి, సంతకం లేని రాజీనామాతో కలిపి మేనేజరు ముందు పెట్టింది.

ఆయన చదివి పకపకా నవ్వాడు. నవ్వు తగ్గాక ఆమె మొహం చూశాడు.

"వేళాకోళమా అమ్మా? ఈ వయసులో మొగుడితో పంతాలా? ఇంట్లోంచి పొమ్మంటే ఎక్కడికి పోతారు?"

ఎక్కడికో ఆమెకీ తెలియదు. పదిహేడేళ్లలో పోయిన వాళ్లందరినీ సాగనంపిందే గాని, వాళ్లు ఎక్కడికి వెళ్లారో ఎప్పుడూ అడగలేదు.

"పొమ్మంటే పోతాను సార్," అంది. "ఆ వీడ్కోలు పత్రం కూడా నేనే చేసుకుంటాను."