జేబు లేని గౌను

మిషను మళ్లీ దారం తెంపింది. సూదక్క పోగు కొసను నాలుకతో తడిపి, కళ్లు చికిలించి సూదిలోకి ఎక్కించింది. పొద్దుటి నుంచి వంచిన నడుము వంచినట్టే ఉంది. చొక్కాల పని అయిదింటికే అయిపోయింది. ఇప్పుడు కుడుతున్నవి ధర్మపు గౌన్లు.

కుట్టు షెడ్డు యజమాని చర్చి సంఘంలో పెద్ద. ఏటా క్రిస్మస్ నాడు ఆరాధన అయ్యాక పేద పిల్లలకు గౌన్లు పంచుతాడు. ఈసారి నూట ఇరవై. పండుగ ఇంకా నాలుగు రోజులే ఉంది. పదిహేను రోజులుగా ఆడవాళ్లు పని వేళ దాటాక రెండేసి గంటలు కూర్చుంటున్నారు. ఆ రెండు గంటలకు కూలి లేదు.

"దేవుడి పనికి కూలి అడుగుతారా ఎవరైనా?" అన్నాడు మేస్త్రీ మొదటిరోజే.

"అడగం నాయనా. పని మనది, పేరు ఆయనది. దేవుడికి మాత్రం ఎవరిదేదో తెలీదా ఏంటి?" అంది గుండీలు కుట్టే అవ్వ, బోసినోటితో నవ్వుతూ. ఆ నవ్వు చాటున అందరూ నిట్టూర్చి మిషన్ల ముందు కూర్చున్నారు.

సూదక్కకు మాత్రం ఆ రెండు గంటలూ బరువనిపించలేదు. ఇంట్లో భర్త రంగుల మిల్లులో పట్టుకున్న దగ్గుతో మంచానికి అంటుకుపోయి ఏడాదైంది. ఆమె తెచ్చేది అద్దెకూ మందులకూ చాలీచాలకుండా ఉంది. పండుగకు ఇచ్చే చెయ్యి నవ్వుతూ ఇవ్వాలని పాస్టరుగారు చెప్పిన ఆదివారం, తన చేతిలో ఇవ్వడానికి ఏముందా అని ఆమె దారి పొడవునా ఆలోచించింది. మర్నాడు కత్తిరింపు బల్ల కింద, ఊడ్చి పారెయ్యబోతున్న నీలిచారల చొక్కా గుడ్డ ముక్కలు కనబడ్డాయి.

ఎనిమిదేళ్లప్పుడు ఆమె కూడా ఇలాంటి గౌను కోసం వరసలో నిలబడింది. గౌనుతో పాటు ఒక మిఠాయి ఇచ్చారు. అమ్మకు పెడదామని గుప్పిట్లో పట్టుకుంది. చంకలో తమ్ముడు, ముందూ వెనకా జనం. గుప్పిట ఎక్కడ విడిపోయిందో తెలియలేదు. ఇంటికెళ్లి ఖాళీ చెయ్యి చూపించి వెక్కివెక్కి ఏడ్చింది. గౌనుకు ఒక జేబుండి ఉంటే ఆ మిఠాయి అమ్మ నోటికి చేరేది.

అందుకే ఆమె ఎర్ర గౌన్లకు నీలిచారల ముక్కలతో జేబులు కుడుతోంది. మధ్యాహ్నం అందరూ తిని కాస్త నడుం వాల్చే వేళ ఆమె జేబులు కత్తిరించుకునేది. ఒక్కో జేబు పూర్తయినప్పుడల్లా రెండు వేళ్లు లోపల దూర్చి చూసుకుని తనలో తను నవ్వుకునేది. "పిచ్చి ముదిరింది దీనికి" అని అవ్వ ఆటపట్టించినా పట్టించుకోలేదు. అప్పటికి నలభై గౌన్లకు జేబులొచ్చాయి.

ఆ సాయంత్రం యజమానీ ఆయన భార్యా గౌన్లు చూడటానికొచ్చారు. అమ్మగారు ఒకటి పైకెత్తి, జేబులో వేళ్లు పెట్టి చిన్నపిల్లలా మురిసిపోయింది.

"ఎంత ముద్దుగా ఉందో! ఎవరికొచ్చిందమ్మా ఈ ఆలోచన?"

సూదక్క లేచి నిలబడింది. సిగ్గుతో కొంగు సర్దుకుంది. ఏడాదిలో అంత వెలుగు ఆమె మొహంలో ఎవరూ చూడలేదు.

యజమాని గౌను అందుకుని అటూ ఇటూ తిప్పాడు. "అన్నిటికీ ఉన్నాయా?"

"లేవండయ్యగారూ. మిగతావాటికీ వేసేస్తాను. పొద్దున్నే పనికి ముందొచ్చి కుడతానండి. గుడ్డ కూడా పారేసేదే."

"అదే నేనూ అంటున్నా. పారేసే గుడ్డ. పెద్దలందరి ముందు అతుకుల బట్టలు పంచానంటే నా పరువేం కాను?" ఆయన గొంతు పెంచలేదు. "విప్పెయ్యండి. అన్నీ ఒకేలా ఉండాలి."

"ఏమండీ, పిల్లలు సంబరపడతారు కదా..." అంది అమ్మగారు.

ఆయన గౌను తిరిగి ఆమె చేతిలో పెట్టి ఒక చూపు చూశాడు. ఆమె దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టి, సూదక్క వైపు చూడకుండా ఆయన వెనకే బయటికి నడిచింది.

మేస్త్రీ బ్లేడ్లు తెచ్చి పంచాడు. "నా మీద కోపం పెట్టుకోకక్కా. నాదీ నీలాంటి బతుకే."

అందరూ తలా కొన్ని పంచుకుని కూర్చున్నారు. సూదక్క తను వేసిన కుట్లను తనే కోసుకుంటూ పోయింది. చిన్న కుట్లు, గట్టి కుట్లు, ఒక పట్టాన రావడం లేదు. జేబు ఊడిన చోట సూది రంధ్రాల వరస మిగులుతోంది. ఎదురుగా అవ్వ ఆ రంధ్రాలు పూడుకునేలా గోటితో రుద్దుతోంది. అవి పూడటం లేదు. నీలిచారల ముక్కలు కాళ్ల దగ్గర కుప్ప పడ్డాయి. ఒకటి, రెండు, పది. ఏడుద్దామన్నా ఆమెకు ఏడుపు రాలేదు.

ఒళ్లో ఇంకో గౌను మిగిలింది. అన్నిటికన్నా చిన్నది, నడక నేర్చే పిల్లది. బ్లేడు జేబు అంచు దాకా వచ్చి ఆగింది.

"కానియ్యక్కా, తాళం వెయ్యాలి" అన్నాడు మేస్త్రీ.

"ఇది విప్పను."

ఆ మాట అన్నది తనో కాదో అన్నట్టు ఆమె చుట్టూ చూసింది.

"ఏంటక్కా?"

"విప్పనన్నా."

"రేపట్నుంచి పనికి రావాలా వద్దా? బావ మందులు గుర్తున్నాయా?"

గుర్తున్నాయి. ఆమె బ్లేడు కింద పెట్టి, రెండు అరచేతులూ గౌను మీద ఆనించి కూర్చుంది. అవ్వ ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ దించుకుంది. చుట్టూ ఆడవాళ్ల ఒళ్లలో కుట్లు తెగుతున్న చప్పుడు ఆగలేదు. మేస్త్రీ గౌను కోసం చెయ్యి చాచాడు.

ఆమె చేతులు తియ్యలేదు.