గులాబీ రంగు మూడు పూతలు

నాలుగింటికి లియాన్నిస్ కారెక్కాలి. పదిహేనేళ్ళు నిండిన పిల్ల కుచ్చుల గౌను వేసుకుని, సియెన్‌ఫ్యూగోస్ ఊళ్ళో సముద్రపు రోడ్డు మీద, టాపు లేని కారులో నిలబడి ఊరంతటికీ చెయ్యి ఊపకపోతే ఆ పుట్టినరోజు జరిగినట్టే కాదు.

కారు తాతగారిది, దాని వయసు డెబ్బై దాటింది. తండ్రి ఒస్మానీ వారంపాటు దానికి గులాబీ రంగు వేశాడు. బయట వేశాడు, బానెట్ ఎత్తి లోపలా వేశాడు. ఇంకొక్క రోజు దొరికితే ఇంట్లో పిల్లికి కూడా వేసేవాడే.

రెండున్నరకి తాళం తిప్పితే కారు ‘టిక్’మంది. అంతే.

"బ్యాటరీ పోయింది," అన్నాడు ఒస్మానీ నీరుగారిపోయి.

"ఆ రంగు చూసి గుండాగి ఉంటుందిరా," అన్నాడు పక్కింటి ముసలాయన ఎవారిస్తో. "నా గుర్రబ్బండి ఖాళీగానే ఉంది మరి."

"గుర్రబ్బండిలో నేను చచ్చినా రాను!" లోపలి నుంచి లియాన్నిస్ కేక.

ఎవారిస్తో జాలిపడి అల్లుడి కారు బ్యాటరీ మోసుకొచ్చాడు. మార్చి చూశారు. మళ్ళీ టిక్.

గౌను అంచు కుడుతున్న పిల్ల తల్లి నెరెయిదా సూది నోట్లోంచి తీసి వీధిలోకి వచ్చింది.

"రెండు బ్యాటరీలూ ఒకేరోజు కూడబలుక్కుని పోతాయా? ఏదీ, లైట్లు వెయ్యి."

లైట్లు పెళ్ళివారిల్లులా వెలిగాయి.

"అలాగే ఉంచి తాళం తిప్పు."

తిప్పగానే లైట్లు ఆరిపోయాయి.

"చూశావా, చిన్న పనికి కరెంటు వస్తోంది. పెద్ద పని చెప్తే ముసుగు తన్నేస్తోంది. అచ్చం మా ఇంటాయనలాగే," అంది ఎవారిస్తోతో.

బ్యాటరీ నుంచి కారు ఒంటికి బిగించిన లావుపాటి ఎర్త్ తీగను తడుముకుంటూ వెళ్ళింది. చివరి బోల్టు దగ్గర వేలు చురుక్కుమంది.

"ఇక్కడుందయ్యా జ్వరం. రంగు వెయ్యడానికి ఈ తీగ విప్పావా?"

"విప్పాను. రంగు బాగా ఆరాకే బిగించాను," అన్నాడు ఒస్మానీ గర్వంగా.

"బాగుంది. ఇనుముకీ తీగకీ మధ్య గులాబీ పరుపు వేశావన్నమాట. కరెంటు ఎటునుంచి పోవాలి?"

వంటింట్లోంచి కర్రపెండలం చెక్కే కత్తి తెచ్చింది. ఒస్మానీ బానెట్‌కి అడ్డం నిలబడ్డాడు.

"మూడు పూతలు వేశానే! మూడు! గీరావంటే ఊరుకోను!"

"సరే. ఎవారిస్తో బాబాయ్, గుర్రానికి నీళ్ళు పెట్టు."

ఒస్మానీ పక్కకి జరిగి, కళ్ళు మూసుకున్నాడు. ఆమె బోల్టు విప్పి, అరచేతి మేర తెల్లగా ఇనుము బయటపడేదాకా గీరి, తీగ బిగించింది. తాళం తిప్పగానే కారు పెద్దగా దగ్గి, గుడగుడమని లేచింది. వీధంతా చప్పట్లు.

ఆ పూట ఒస్మానీ ఇంజన్ ఆపితే ఒట్టు. ఫోటోలు తీసే మనిషి బతిమాలినా ఆపలేదు. అందుకే లియాన్నిస్ ఫోటోలన్నీ కొంచెం అదిరినట్టుంటాయి. పిల్ల సంతోషంతో వణికిందని చుట్టాలందరికీ చెబుతాడు ఒస్మానీ. నెరెయిదా కాదనదు.