తలుపులు వేసిన కాలువ

ఆ ఉదయం ఆకాశం తవుడు రంగులో ఉంది. గాలి లేదు. కాలువ నిండా చచ్చిన బాతులు. మా అన్న ఔసేపు మోకాలిలోతు నీళ్లలో నిలబడి, వాటిని మెడ పట్టి గట్టు మీదికి విసురుతున్నాడు. నీళ్లు మరుగుదొడ్డి కంపు కొడుతున్నాయి. ఇంకోసారి మురుగు పోస్తే మిగిలిన బాతులూ దక్కవు.

మరుగుదొడ్ల మురుగు తెచ్చి పోసిపోయే ట్యాంకరు మళ్లీ వస్తుందని పంచాయతీ కాపు పెట్టింది. బండిని ఆపాలి, ఫోటో తీయాలి, పోలీసులు వచ్చేదాకా మనిషిని కూర్చోబెట్టాలి. చెయ్యి చేసుకుంటే మనవాడూ జీపెక్కుతాడని మెంబరు సరసమ్మ ముందే చెప్పింది.

వచ్చింది. డ్రైవరు దిగి పైపు కాలువలోకి దించాడు. మేం వెనక కొబ్బరి మొద్దు అడ్డం దొర్లించాం. వాడు చూసి, బండెక్కి మా మీదికే వెనక్కి తోలాడు. సరసమ్మ పక్కకి దూకింది. ఆమె స్కూటరు చక్రం కింద నలిగింది, బండి మొద్దుకి తట్టుకుని ఆగింది.

అన్న వాణ్ణి జుట్టు పట్టి కిందికి ఈడ్చాడు. బాతులు తోలే గెడతో కొట్టాడు. వాడు అడ్డం పెట్టిన కుడిచెయ్యి ఎండుకొమ్మలా విరిగింది. తల నీళ్లలో ముంచాడు.

"తాగు. నా బాతులు తాగినవే."

నేను లాగబోతే అన్న మోచెయ్యి నా మూతికి తగిలింది. పన్ను ఊడింది.

"ఔసేపూ, వాడు చస్తే కాలువ కేసు పోతుంది. నీ కేసే మిగుల్తుంది," అంది సరసమ్మ. అన్న వినలేదు. మళ్లీ ముంచి లేపాడు.

"అన్నా, సముద్రం వెనక్కి తగ్గి నీళ్లు తీసే వేళ ఫోన్లో చూసుకునే పోస్తాను. సముద్రంలోకి పోతుందన్నా," అన్నాడు డ్రైవరు దగ్గుతూ.

అన్న చెయ్యి ఆగింది. "పొలాలకి ఉప్పు నీళ్లు ఎక్కకుండా సముద్రం వైపు లాకు తలుపులు వేసి నెల దాటింది. నీళ్లకి బయటికి దారుంటే కదా పోవడానికి. ఏ ఊరు నీది?"

"ఈ కాలువే, తలుపులకి ఇవతల కింది వంపు. పాత రేవు."

"అయితే మీ రేవు మెట్ల కాడే ఉంది, నువ్వు పోసిందంతా."

వాడు కాలువ కింది వైపు చూశాడు. ముక్కులోంచి నెత్తురు కారుతోంది.

"అమ్మ అక్కడే బియ్యం కడుగుద్ది."

అన్న జుట్టు వదిలేశాడు. జాలి కాదనుకుంటాను. కొట్టడానికి ఇంకేమీ మిగల్లేదు.

పోలీసు జీపు ఆలస్యమైంది. డ్రైవరూ అన్నా ఇద్దరూ ఎక్కాల్సిందేనని సరసమ్మ చెప్పింది. తర్వాత ఇంటికెళ్లి గంజి, పెసలు తెచ్చి పంచాయతీ అరుగు మీద అందరికీ పోసింది. వాడు ఎడమచేత్తో తింటుంటే గిన్నె జారుతోంది. అన్న తన కాలు దానికి ఆనించి పెట్టాడు. నేను ఒక దవడతోనే నమిలాను.