అరవై రెండు అక్షరాలు

మార్చి పదకొండు, మంగళవారం. ఆ మధ్యాహ్నం మేం ఉడికించిన గుడ్లు, దోసకాయ ముక్కలు, ముందురోజు మిగిలిన రొట్టె తిన్నాం. నా భార్య తన గుడ్డులోని పచ్చసొన తీసి నా కంచంలో వేసింది, ఎప్పటిలాగే. చెయ్యి కడుక్కుని కంప్యూటర్ గదిలోకి వెళ్లి, రిబ్బన్ మీద సూదులతో కొట్టి అచ్చువేసే పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద ఒక కాగితం కొట్టి తెచ్చి నా ముందు పెట్టింది.

"అరవై రెండు. సాయంత్రానికల్లా కనుక్కోండి. రాకపోతే నేనొచ్చి చెప్తాలెండి, ఏడవకండి."

ఆమె పాలిటెక్నిక్‌లో లెక్కలు చెప్పేది. ఆ రోజు పరీక్ష గదిలో కాపలా ఉండాలి. మూడో అంతస్తు మెట్ల మీద ఉన్నట్టుండి కూర్చుండిపోయిందట. ఎవరో పరుగెత్తి నీళ్లు తెచ్చేలోపే అంతా అయిపోయింది. బాధపడలేదని ఆ నీళ్లు తెచ్చినాయన నాతో అన్నాడు. నిజమో కాదో తెలియదు. ఆ మాట అనాలని అతనికి తోచినందుకే అతని మేలు మరవలేను.

పెళ్లైన కొత్తలో మొదలైన ఆట మాది. ఒకరు బుల్లి ప్రోగ్రాం రాసి, నక్షత్రపు గుర్తులతో ఒక అల్లికను అచ్చువేయాలి: అలలు, వజ్రాలు, చాప నేత, పాము చర్మం, ఏదైనా సరే. రెండోవాళ్లకు ఆ కాగితం మాత్రమే చూపించాలి, ప్రోగ్రాం ఎన్ని అక్షరాలో మాత్రమే చెప్పాలి. అన్నే అక్షరాల్లో అదే అల్లికను రాబట్టాలి. అంకె, చుక్క, ఖాళీ, అన్నీ లెక్కలోకే వస్తాయి. గ్రంథాలయంలో పుస్తకాల జాబితాలు తయారుచేసే ఉద్యోగం నాది. ఏదైనా పూర్తిగా రాస్తే తప్ప తృప్తి ఉండదు. "మీరు రాసేది ప్రోగ్రాం కాదు, పెళ్లిపిలుపు. చుట్టాలందరినీ పేరుపేరునా పిలుస్తారు" అనేది ఆమె.

ఆమె ఇచ్చిన చివరి కాగితంలో ఇరవై ఒక్క వరుసలున్నాయి. వజ్రాలు ఒకదానిలో ఒకటి దూరి, కిందికి వచ్చేకొద్దీ గాలికి తెర విచ్చుకున్నట్టు విచ్చుకుంటాయి. ఒక్కటే లోపం. మొదటి వరుసలో మొదటి నక్షత్రం లేదు. మిగతా మూడు మూలల్లోనూ ఉంది. ప్రింటర్ ముసలిది, మొదటి దెబ్బకు రిబ్బన్ వదులుగా ఉండి ఇంకు అంటలేదనుకున్నాను.

ఆరు నెలల్లో అరవై మూడు అక్షరాల దాకా తగ్గించాను. తర్వాత రెండున్నరేళ్లు అక్కడే ఆగిపోయాను.

తెర మీద అరవై మూడు కనిపించగానే వెనకనుంచి, ఆమె కుర్చీ ఉన్న వైపునుంచి, "ఒకటెక్కువ" అని వినిపించేది. గట్టిగా కాదు. కూర రుచి చూసి ఉప్పెక్కువైందని చెప్పినట్టు. నేను ఎప్పుడూ వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆ మాట కూడా ఆగిపోతుందేమోనని భయం. కరెంటు పోయి వచ్చినప్పుడు ప్రింటర్ తల ఆ చివరనుంచి ఈ చివరకు పరుగెత్తి నిలబడుతుంది. అలాంటి ప్రింటర్లన్నీ అంతే, నాకు తెలుసు. అయినా ప్రతిసారీ కాగితమేమైనా వచ్చిందేమోనని చూసేవాణ్ణి.

ఆమె చెబుతానని చెప్పకుండా పోయిన మాట అదొక్కటే. అది నాకు కావాలి. దొరికిన రోజున మా మధ్య ఇక ఏ మాటా మిగలదని కూడా తెలుసు.

మా మరదలు కింది వాటాలో ఉంటుంది. రోజూ సాయంత్రం ఏదో ఒక గిన్నెతో పైకి వస్తుంది.

"అక్క ఉన్నప్పుడే నువ్వు ఒక్కసారీ గెలవలేదు. ఇప్పుడు గెలుస్తావా బావా?"

"ఇప్పుడు పోటీ లేదుగా."

"అయినా ఓడిపోతున్నావే!"

మొన్న రిబ్బన్ పూర్తిగా ఎండిపోయింది. మరదలే ఎక్కడో వెతికి ప్రింటర్ మెకానిక్‌ను పిలిపించింది. అరవై దాటిన మనిషి. వీధిలో అందరూ సూదుల డాక్టరంటారు. మూత తీసి లోపలికి టార్చి వేసి చూశాడు.

"ఇదింకా బతికే ఉందా సార్! దీని తోటివన్నీ ఎప్పుడో తూకానికి పోయాయి."

"మా బావనీ వేసి చూశాం. ఎవరూ తీసుకోలేదు" అంది మరదలు.

అతను నవ్వుతూ కొత్త రిబ్బన్ ఎక్కించాడు. నేను ఆ కాగితం తీసి చూపించాను. "మొదటి దెబ్బ సరిగ్గా పడదు. అది కూడా చూడు."

అతను కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. తర్వాత తిరగేసి, కళ్లు మూసుకుని, బొటనవేలితో మెల్లగా తడిమాడు.

"సూది కొట్టిందంటే, ఇంకున్నా లేకపోయినా కాగితం వెనక బుడిపె లేస్తుంది సార్. ఈ వరుసంతా గరుకుగా ఉంది. ఈ మూల నున్నగా ఉంది. ఇక్కడ అసలు కొట్టలేదు."

"రిబ్బన్ వదులైతే?"

"ఇంకు పోతుంది, దెబ్బెక్కడికి పోతుంది? కొట్టమని మీరు చెప్పుండరు, అది కొట్టలేదు. పాపం, దాని మీద నింద వెయ్యకండి."

నేనూ తడిమి చూశాను. నున్నగా ఉంది.

యంత్రం గడులను ఒకటి నుంచి లెక్కపెట్టదు, సున్నా నుంచి మొదలుపెడుతుంది. దాని భాషలో సున్నా అంటే లేదని అర్థం. అందుకే మొదటి గడిలో నక్షత్రం పడదు. పడేలా చేయడానికి నేనొక అక్షరం అదనంగా రాశాను. అది తీసేసి ఎన్నిసార్లు చూశానో! తీసిన ప్రతిసారీ మూల ఖాళీ అయ్యేది. అల్లిక చెడిందని కొట్టేసేవాణ్ణి. మూడేళ్లలో ఆమె జవాబు కనీసం వందసార్లు నా చేతికి వచ్చింది. అచ్చుతప్పు దిద్దినట్టు వందసార్లూ దాన్ని దిద్దేశాను. ఆ ఖాళీని ఆమె చూసింది. చూసి, ఉండనిచ్చింది.

మెకానిక్ వెళ్లిపోయాక కంప్యూటర్ ముందు కూర్చున్నానే గాని ఒక్క మీటా నొక్కలేదు.

"ఏంటి బావా, మొహం అలా అయిపోయింది?"

"దొరికిందనుకుంటా."

"అయితే కొట్టి చూడు."

"చూస్తే అయిపోతుంది."

మరదలు కొంగుతో బల్ల మీది దుమ్ము తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

"నీకూ అక్క మాట వినిపిస్తుంది కదూ?" అంది చివరికి, నా వైపు చూడకుండా. "నేను కింద వంట చేసుకుంటుంటే కూడా... సరేలే. మూడేళ్లుగా నీ వెనకే నిలబెట్టావు. అక్కకీ కాళ్లు నొప్పెడతాయి బావా."

ఒక అక్షరం తీసేశాను. ప్రింటర్ రంపం కోసినట్టు చప్పుడు చేస్తూ ఇరవై ఒక్క వరుసలు కొట్టి ఆగింది. కొత్త కాగితాన్ని పాతదాని మీద పెట్టి కిటికీ దగ్గర చివరి వెలుతురుకు పట్టాను. నక్షత్రం మీద నక్షత్రం కూర్చుంది. ఎక్కడా పక్కకు జరగలేదు. తెర మీద అరవై రెండు అని ఉంది.

ఊపిరి బిగబట్టి విన్నాను. పక్క మేడ మీద ఎవరో నీళ్ల పంపు కట్టేశారు. అంతకు మించి ఏమీ లేదు. అప్పుడు వెనక్కి తిరిగాను. ఆమె కుర్చీలో నేను పొద్దున మడిచి పెట్టిన దుప్పట్లున్నాయి.

"ఏమైనా అందా?" అని అడిగింది మరదలు.

"లేదు."

"తప్పైతే ఊరుకునే మనిషి కాదు మా అక్క."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను. మరదలు అది చూడనట్టే ప్రింటర్ స్విచ్ తీసి, లైటు ఆర్పి, నన్ను ముందు నడవమంది. నా వెనకే బయటికి వచ్చి, రెండు చేతులతో తలుపు దగ్గరికి లాగి, గడియ చప్పుడు కాకుండా వేసింది.