చేలవైపు తిప్పిన హారన్

పుత్తూరు దగ్గర ఒక పల్లెలో, పంచాయతీ ఆఫీసు మిద్దె మీద నాలుగు దిక్కులకూ నాలుగు మైకు హారన్లు బిగించింది హరినాథే. మైక్‌సెట్ల పనిలో ఇరవై ఏళ్ళ అనుభవం అతనిది. ‘‘లోపల పుట్టే శబ్దం ఇంతే. పూవు మాదిరి విచ్చుకున్న ఈ గొట్టమే దాన్ని పెంచి ముందుకు తోస్తాది. మూతి యాపక్కుంటే మాట ఆపక్కే పోతాది’’ అని అందరికీ చెప్పేవాడు.

మార్చిలో కూతురి పదో తరగతి పరీక్షలప్పుడు, తన ఇంటివైపున్న హారన్‌ను ఎవరికీ చెప్పకుండా చేలవైపు తిప్పేశాడు. తన ఇంటి వెనకున్న ఏటిగడ్డ వీధికీ ఆ హారనే దిక్కని తెలుసు. పరీక్షలు అయిపోయినా మళ్ళీ తిప్పలేదు. ఆ వీధివాళ్ళు పొద్దంతా కూలికి పోయేవాళ్ళు కాబట్టి ఎవరూ గమనించలేదు.

కార్తీకంలో తుపాను వచ్చింది. ఒక మధ్యాహ్నం చెరువు నిండి మరవ పారుతోందని, ఏటి ఒడ్డున గొడ్లుంటే తోలుకొచ్చుకోమని మైకులో మూడుసార్లు చెప్పారు. అప్పుడు ఏటిగడ్డ వీధిలో ఉన్నది ముసలి సిద్ధమ్మ ఒక్కతే. ఏటి ఒడ్డున కట్టిన ఆమె రెండు మేకల్నీ నీళ్ళు లాక్కుపోయాయి. వాటి తాడు పట్టుకోబోయి పడి ఆమె చెయ్యి విరిగింది.

మర్నాడు తెల్లారగానే హరినాథ్ మిద్దెక్కి హారన్‌ను ఎప్పటిలా పెట్టేశాడు. ఎవరూ చూడలేదు.

వారం తర్వాత పలకరించడానికి పోయాడు. సిద్ధమ్మ విరిగిన చేతికి పుత్తూరు కట్టుతో అరుగు మీద కూర్చుని ఉంది.

‘‘నాకు చెవుడొచ్చిందప్పా. ఊరంతా ఇన్యారంట, నాకే ఇనపళ్ళేదు.’’

‘‘ఇంక మేకల జోలికి పోవద్దని చెప్పినానన్నా’’ అంది కోడలు కోమలి, మజ్జిగ తెచ్చిస్తూ.

హరినాథ్ గ్లాసు అందుకున్నాడు. మజ్జిగ తాగేసి లేచిపోవచ్చు. గ్లాసు కింద పెట్టాడు.

‘‘నీ చెవులు బాగుండాయవ్వా. హారన్‌ను పక్కకు తిప్పింది నేనే. పాప సదువుకుంటాందని.’’

కోమలి అత్తవైపు తిరిగింది. సిద్ధమ్మ అడిగింది: ‘‘అయితే నాకు చెవుడు లేదా?’’

‘‘లేదవ్వా.’’

మేకల మాట ఎత్తలేదామె. తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

‘‘నాతో కాదప్పా, ఈదిలో చెప్పు. అందరూ నన్ను చెవిటిదంటాండారు.’’

సాయంత్రం కూలి నుంచి వచ్చినవాళ్ళ ముందు నిలబడి చెప్పాడు. ఎవరూ అరవలేదు. పక్కింటి కుప్పయ్య ఒక్కడే అడిగాడు: ‘‘మా ఈదికి ఇనపడదని తెలిసే తిప్పినావా?’’

‘‘తెలిసే.’’

కుప్పయ్య తలపాగా విప్పి దులుపుకుని లోపలికి పోయాడు. ఒక్కొక్కరే పోయారు. హరినాథ్ తల ఎత్తకుండా అక్కడే నిలబడ్డాడు.