తోరణం తెంపిన ఎడ్లు

ఎడ్లబండి మితిమీరిన జోరుతో తోలాడని కేసు పెట్టారంటే ఇప్పటివాళ్లు పకపకా నవ్వుతారు. నవ్వండి. నర్సప్పకు మాత్రం ఆ పూట ముద్ద దిగలేదు. వికారాబాద్ కోర్టు వసారాలో గోడకు వీపు ఆనించి, తన పేరు ఎప్పుడు పిలుస్తారో అని చెవులు రిక్కించి కూర్చున్నాడు.

నర్సప్పది తాండూరు అవతల, తెలుగూ కన్నడమూ కలగలిసిన ఒక చిన్న పల్లె. వానాకాలం సేద్యం, ఎండాకాలం బండి మీద నాపబండలు తోలే కిరాయి. రజాకార్లను చూశాడు, వాళ్ల వెనక వచ్చిన పటాలాన్నీ చూశాడు. ఖాకీ గుడ్డ కంటబడితే చాలు, పక్క సందులోకి తప్పుకోవడం ఆ రోజుల్లో నేర్చుకున్న విద్య. అలాంటి మనిషి పట్టపగలు, నడిబజారులో, పోలీసుల మీదికే బండి తోలాడని కేసు. ఎంత ధైర్యవంతుణ్ణి చేశారో చూడండి!

జరిగింది ఇది. వికారాబాద్‌లో ఒక షావుకారు కొత్త ఇంటికి తాండూరు బండలు దింపి, నర్సప్ప ఖాళీ బండితో ఇంటిదారి పట్టాడు. ఆ రోజే హైదరాబాదు నుంచి ఎవరో పెద్ద అధికారి వస్తున్నాడట. బజారులో బాటకు అడ్డంగా మామిడాకులు, వేపమండలు కట్టిన తాడు వేలాడదీశారు. దాని పక్కన డప్పులవాళ్లను నిలబెట్టారు. పట్నపువాళ్లకు అది స్వాగత తోరణం. నర్సప్ప ఎడ్లకు మాత్రం అది ఏరువాక.

నర్సప్ప ఊళ్లో ఏరువాక పున్నమి నాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పొద్దు వాలే వేళ ఊరి ముందుకు తోలుకొస్తారు. బాటకు అడ్డంగా ఆకుల తాడు కడతారు. డప్పు మోగగానే ఎడ్లు ఉరకాలి. ఎవరి ఎద్దు ముందుగా తాడు తెంపితే వాళ్లకు ఆ ఏడు వానలకు, పంటలకు లోటుండదని నమ్మకం. నర్సప్ప ఎద్దు పుల్లడు వరసగా కొన్నేళ్లు ఆ తాడు తెంపాడు. జోడీ ఎద్దు మచ్చడు వాడి వెంటే. పున్నమికి ముందు రోజూ ఆకుల తాడు కట్టి, డబ్బా వాయించి, తెంపినాక బెల్లం పెట్టి నేర్పింది నర్సప్పే. ఆ ఏటి పున్నమి అయి ఇంకా వారమైనా కాలేదు. కొమ్ముల మీద రంగు కూడా పోలేదు.

డప్పు మోగింది. పుల్లడు చెవులు నిక్కించాడు. నర్సప్ప తాడు చూసి పగ్గాలు బిగబట్టేలోపే బండి గాలిలో ఉన్నట్టయింది. కుర్చీలు పడ్డాయి, పూలబుట్టలు పడ్డాయి, బందోబస్తుకు నిలబడ్డ పోలీసు జమాదారు మురికి మోరీలో పడ్డాడు. ఎడ్లు తోరణం తెంపి, ఇంకాస్త దూరం ఉరికి, బుద్ధిగా ఆగి, బెల్లం కోసం మెడలు చాచాయి. బెల్లానికి బదులు జమాదారు వచ్చాడు.

మనుషులకు దెబ్బలు తగల్లేదు. పుల్లడికే ముందుకాలి గిట్ట చీలింది. ఎడ్లను బందెలదొడ్డిలో పెట్టించి, నర్సప్పకు కోర్టు తారీఖు చెప్పారు. అప్పటినుంచి పగలు దొడ్డి దగ్గర, రాత్రి కోర్టు వసారాలో వాడి కాపురం.

కోర్టు ముందు అర్జీలు రాసే కిష్టయ్య వాడి భయానికి మరింత ఎరువు వేశాడు.

"కబూల్ అంటివా, నీ పని ఖతం. జైలుకు నువ్వు, హర్రాజుకు ఎడ్లు. నేను తోలలేదు అను. గట్టిగ నిలవడు."

"హాకీం ముందట గట్టిగ ఎట్ల నిలవడ్తరు కిష్టన్నా? నాకు నోరే లేవది."

"లేవకుంటే ఎడ్లు లేవు మల్ల."

తారీఖు నాటి పొద్దున భార్య బుగ్గమ్మ తాండూరులో రైలెక్కి వచ్చింది. జొన్నరొట్టెల మూటతో పాటు ఒక వార్త తెచ్చింది. ఊళ్లో వాన పడింది. అందరూ విత్తుతున్నారు.

"మన చేను ఒక్కటే బీడు లెక్క ఉన్నది," అంది ఆమె. "ఎడ్లు లేకుంటే ఈ ఏడు ఏం తింటం? నువ్వు భయపడుడు తర్వాత పడు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

పేరు పిలిచారు. లోపలికి ఎలా నడిచాడో నర్సప్పకు తెలియదు. ఎత్తు కుర్చీలో హాకీం, అంటే మేజిస్ట్రేటు, కూర్చున్నాడు. ఇంకా పడుచువాడే, కళ్లద్దాలు పెట్టుకున్నాడు. జమాదారు సాక్ష్యం చెప్పాడు. ముద్దాయి జనం మీదికి మితిమీరిన జోరుతో, కావాలనే బండి తోలాడన్నాడు.

"ఏమంటావు?" అని అడిగాడు హాకీం.

నర్సప్ప తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. వెనక నుంచి బుగ్గమ్మ దగ్గింది. ఆ దగ్గు వాడికి బాగా తెలుసు.

"నేను తోలలే హుజూర్. ఎడ్లే ఉరికినయ్. తోరణం చూస్తే ఉరుకుతయ్. మా దిక్కు ఏరువాక నాడు గట్లనే..."

మిగతాది నవ్వుల్లో కొట్టుకుపోయింది. వకీళ్లు నవ్వారు, గుమాస్తా నవ్వాడు. జమాదారు మాత్రం నవ్వలేదు. "అంతా బద్మాషీ హుజూర్. తోరణం చూసి ఉరికే ఎడ్లు యాడన్న ఉంటయా?" అన్నాడు. పెద్ద అధికారి ముందు మోరీలో పడ్డ మనిషి. పైనుంచి ఎన్ని తిట్లు తిన్నాడో ఏమో, గొంతులో ఆ మంట వినిపించింది.

హాకీం కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఉంటాయో లేవో చూద్దాం," అన్నాడు. "ఎడ్లను తెప్పించండి. తాడు కట్టండి. డప్పు వాయించే వాళ్లను పిలవండి. ఉరికితే కేసు కొట్టేస్తా. ఉరకకపోతే అబద్ధం చెప్పినట్టే, జైలు తప్పదు."

కోర్టు కాంపౌండులో తిరునాళ్లయింది. రెండు చెట్ల మధ్య వేపమండల తాడు కట్టారు. జనం రెండు పక్కలా నిలబడ్డారు. బుగ్గమ్మ దొడ్డి నుంచి ఎడ్లను పట్టుకొచ్చింది. మచ్చడు నడుస్తున్నాడు, పుల్లడు కుంటుతున్నాడు. చీలిన గిట్టకు నర్సప్ప కట్టిన పసుపుగుడ్డ నల్లబడి ఉంది. కాలు నేల మీద ఆనించినప్పుడల్లా పుల్లడి ఒళ్లు జలదరిస్తోంది.

ఇన్ని రోజులూ నర్సప్పకు ఒకటే భయం, హాకీం నమ్మడని. ఇప్పుడు కొత్త భయం పట్టుకుంది. ఎద్దు ఉరకదని కాదు, ఉరుకుతుందని. పుల్లడి సంగతి నర్సప్పకు తెలియదా? ఆకుల తాడు కనబడి డప్పు మోగితే వాడికి కాలు గుర్తుండదు. తాడు తెంపుతాడు. గిట్ట రెండుగా చీలిపోతుంది. తెంపినాక మూడు కాళ్ల మీద నిలబడి బెల్లం అడుగుతాడు.

"జర ఆగుండ్రి, జర..." అన్నాడు నర్సప్ప. ఆ గొంతు వాడికే వినబడలేదు.

డప్పు మోగింది.

పుల్లడు తల ఎత్తాడు. చెవులు నిక్కాయి. నొప్పి కాలినే ముందుకు వేసి, నడుం వంచి, ఒళ్లంతా కూడగట్టుకున్నాడు. నర్సప్ప ఒక్క దూకు దూకి వాడి మెడను వాటేసుకున్నాడు. ఎద్దు వాణ్ణి ఈడ్చింది. ఈడ్చినా వదల్లేదు.

"బంద్ చెయ్యుండ్రి! డప్పు బంద్ చెయ్యుండ్రి!" వసారాలో కూడా వినబడేలా అరిచాడు. "కబూల్ హుజూర్! నేనే తోలిన! కావాల్నని తోలిన! జైల్ల పెట్టుండ్రి, దీన్ని ఉరికియ్యకుండ్రి!"

డప్పు ఆగింది. కిష్టయ్య తల పట్టుకున్నాడు. మెట్ల మీద నిలబడ్డ హాకీం, మట్టిలో నర్సప్ప కాళ్లు ఈడ్చుకుపోయిన గీతలను చూశాడు, ఎద్దు గిట్టను చూశాడు. జమాదారు కూడా అదే గిట్టను చూస్తున్నాడు.

"కబూల్ చేసినాక నేను శిక్ష వెయ్యక తప్పదు. తెలుసా?"

"తెలుసు హుజూర్."

"కోర్టు లేచేదాకా ఖైదు."

ఖైదు అన్న మాట ఒక్కటే నర్సప్ప చెవిన పడింది. గోడ పక్కన కూర్చోమంటే కూర్చున్నాడు. ఏ జైలు? హైదరాబాదా, గుల్బర్గానా? ఎన్నేళ్లు? అడగడానికి నోరు రాలేదు. హర్రాజులో పుల్లణ్ణి ఎవరు కొంటారు? కుంటెద్దును కసాయివాళ్లు తప్ప ఎవరు కొంటారు? మరెవరివో కేసులు జరిగాయి, మరెవరో ఏడ్చారు. పొద్దు వాలింది. హాకీం లేచి లోపలికి పోయాడు. అందరూ పోయారు. ఊడ్చేవాడు వచ్చి నర్సప్ప కాళ్లు పక్కకు జరపమన్నాడు.

"నన్ను ఎప్పుడు తీస్కపోతరు?" అని అడిగాడు నర్సప్ప.

"యాడికి?"

"జైలుకు."

"నీ జైలు అయిపోయింది పెద్దమనిషీ. శిక్ష కోర్టు లేసేదాకనే. కోర్టు లేసింది. ఇంటికి పో."

"ఎడ్లో?"

"నీ ఎడ్లు నువ్వు తోల్కపోక మాకెందుకు?"

అది నమ్మడానికి నర్సప్పకు చాలాసేపు పట్టింది. బయటికి వస్తే చెట్టు కింద బుగ్గమ్మ, ఎడ్లు, బండి. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. "జైలుకు పోతనంటివి, నేనేం గావాలె?" అంది. అని, వాడి మోకాలి మీద గీసుకుపోయిన చర్మాన్ని కొంగుతో అద్దింది.

పుల్లణ్ణి కాడికి కట్టే మాట లేదు. బండి వెనక కట్టారు. కాడికి ఒక పక్క మచ్చడు, రెండో పక్క నర్సప్ప. బజారులో జనం చూసి నవ్వారు. నర్సప్ప తల వంచుకుని గుంజాడు. ఎవరు పిలుస్తారో, మళ్లీ ఏ కేసు పెడతారో అని చెవులు రిక్కించే నడిచాడు. భయం ఒక్క పూటలో పోయేదా?

రైలు గేటు దగ్గర ఎత్తు ఎక్కాలి. సగంలో చక్రం గుంతలో దిగి బండి ఆగిపోయింది. మచ్చడు గుంజుతున్నాడు, నర్సప్ప గుంజుతున్నాడు, కదలదు. వెనక నుంచి బూట్ల చప్పుడు దగ్గరకొచ్చింది. పోలీసు బూట్లే. నర్సప్పకు తల తిప్పే ధైర్యం లేదు.

"బుగ్గీ, ఎవరే?"

ఆమె తల తిప్పి చూసింది.

"జమాదారు," అంది. "ఎనకకు సూడకు. గుంజు."

గుంజాడు. బండి కదిలింది, ఉన్నట్టుండి సగం బరువు తగ్గినట్టు. ఎత్తు పైదాకా అలాగే తేలికగా వచ్చింది. పైకి చేరినాక నర్సప్ప కాడి దించి, భయపడుతూనే వెనక్కి తిరిగాడు. జమాదారు అప్పటికే కిందికి దిగిపోతున్నాడు. బండి చక్రాల మట్టి అంటిన చేతులను ప్యాంటుకు తుడుచుకుంటున్నాడు.